అక్క వాటా

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. తూర్పున వెలుగు వచ్చినట్టే వచ్చి మళ్ళీ మబ్బు చాటుకు పోయింది. చినుకు పడదు, ఎండ కాయదు. ఇలాంటి పూట బట్టలు ఆరేసినవాళ్ళకు ఒక కన్ను పైనే ఉంటుంది. కత్తెరమ్మకు మాత్రం రెండు కళ్ళూ బల్ల మీది కంచంలోనే ఉన్నాయి.

కంచంలో ఉడికించిన గుడ్డు సగం మిగిలింది. అన్నమూ సగమే తగ్గింది. మిగిలినదాన్ని చేత్తో ఒక పక్కకు జరిపి, మధ్యలో గీత గీసినట్టు ఖాళీ వదిలాడు అయిదేళ్ళ పిల్లవాడు.

"కూర కారంగా ఉందా నాన్నా?"

వాడు లేదన్నట్టు తల ఊపాడు. వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు. కుర్చీ దిగి వెళ్ళిపోయాడు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. రొట్టె ఇచ్చినా సగమే, అరటిపండు ఒలిచిచ్చినా విరిచి సగమే.

చూసేవాళ్ళకు ఇది తిండి దగ్గర పిల్లల పేచీ. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. కానీ ఆ కంచంలో మిగిలిన సగం వెనక ఒక తప్పు దాగి ఉంది. అందులో మనందరికీ పాలుంది.

కత్తెరమ్మ బట్టలు కుడుతుంది. వీధిగదిలో మిషను, గోడకు కొలతల టేపు, బల్ల కింద గుడ్డపేలికల మూట. కత్తెర ఎంత పదునో నోరూ అంత పదునని వీధివాళ్ళు పెట్టిన పేరది. ఆమె భర్త సెంట్రింగ్ మేస్త్రి. స్లాబు పోసే ముందు కింద గుంజలు నిలబెట్టి, పైన పలకలు పరిచి, కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోయించే పని. గుంజల్లాగే మేస్త్రి కూడా నోరు విప్పడు. వాళ్ళమ్మాయి చదువు ముగించి, ఉద్యోగం దొరికి, వేరే చోట ఉంటోంది. ఆ పిల్ల గది ఖాళీ.

ఆ ఖాళీ గదిని చూసినది పిల్లల సంక్షేమ శాఖలో పనిచేసే ఆఫీసు అమ్మాయి. జాకెట్టు వదులైందని బిగుతు చేయించుకోవడానికి వచ్చి, మిషను పక్కన కూర్చుని, మెల్లగా మాట కలిపింది.

"ఒక బిడ్డను చూసుకుంటారా అమ్మా?"

"దత్తతా?"

"కాదమ్మా. దత్తతంటే బిడ్డ మీవాడైపోతాడు. వీడికి అమ్మ ఉంది. పెద్దాసుపత్రిలో ఉంది. నాన్న లేడు. ఆమె తేరుకోవడానికి చాలా కాలం పడుతుందట. అందాకా ఒక ఇల్లు కావాలి. తేరుకున్నాక పంపెయ్యాలి."

"అంటే పెంచి, ముద్దుచేసి, మాకు అలవాటయ్యాక ఇచ్చెయ్యాలి. మంచి బేరమే పట్టుకొచ్చావు."

గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్న మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు. "నా పనీ అదేగా. మొయ్యాల్సినన్నాళ్ళు మోసి, ఊడదీసుకుని వచ్చేయడం."

అలా ఒప్పుకున్నారు. సెలవు రోజుల్లో ఆఫీసులో పెట్టిన తరగతులకు వెళ్ళి కూర్చున్నారు. ఆఫీసువాళ్ళు ఇంటికి వచ్చి నీళ్ళ తొట్టి మూత దగ్గర్నుంచి మేడమెట్ల దాకా చూసి వెళ్ళారు. పిల్లవాడు వచ్చాక అమ్మా అని పిలిపించుకోవద్దన్నారు. కత్తెరమ్మకు ఆ మాట మొదట చివుక్కుమంది. ఆలోచించుకున్నాక నచ్చింది. "నిజమే. అమ్మ ఉంది కదా. నేను పిన్నిని" అంది. వాడు మాత్రం పిన్నీ అనలేదు, ఏమీ అనలేదు.

మేస్త్రి అక్క రెండు వీధుల అవతల ఉంటుంది. మొదటి రోజు నుంచీ ఆవిడకు ఈ వ్యవహారం గిట్టలేదు.

"ఎవరో కన్నారు, నువ్వు పెంచు. రేపు వాళ్ళెత్తుకుపోతే నువ్వేడువు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనమ్మా మరదలా."

"నా తలే కదా వదినా, మీకెందుకు దురద?"

"దురద కాదు, బాధ. చూడు, గుడ్డు ఎలా ఒదిలేశాడో. అన్నం విలువ తెలియని పిల్లాడు."

వదిన మాట ఎంత తోసేసినా, మిగిలిన అన్నం పారబొయ్యాలంటే కత్తెరమ్మకు చెయ్యి రాలేదు. బట్ట కోసేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. మిగిలేంత గుడ్డ ముందే తగ్గించి తెచ్చుకుంటారు. అదే లెక్క ఇక్కడా వేసింది. ఎలాగూ సగమే తింటున్నాడు కదా అని సగమే వడ్డించింది. వాడు ఆ సగాన్నీ రెండు చేశాడు. అందులో సగమే తిన్నాడు. వాడి చెంపలు లోపలికి పోతుంటే ఆమెకు వెంటనే తట్టలేదు.

తట్టింది మిషను దగ్గర. వాడికి చొక్కా కుడదామని నీలం గుడ్డ పరిచింది. కొలిచి, గీసి, కోసింది. వాడు బల్ల అంచుకు గడ్డం ఆనించి చూస్తున్నాడు. మిగిలిన ముక్క ఎత్తి చూపించి, "దీంతో నీకో జేబురుమాలు" అంది కత్తెరమ్మ.

వాడు ఆ ముక్క తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి అందినంత పైకెత్తాడు.

"ఇది అక్కకి సరిపోదు. అక్క ఇంత."

ఆ ఇంట్లో వాడు మాట్లాడిన మొదటి మాట అది. కత్తెరమ్మ చేతిలో కత్తెర అలాగే తెరుచుకుని ఉండిపోయింది. గుడ్డులో సగం, రొట్టెలో సగం, అరటిపండులో సగం, ప్రతిసారీ తలుపు వైపు చూపు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. వాడు వదిలింది తిండి రుచించక కాదు. అది అక్క వాటా. అక్క వచ్చి తింటుందని ఎదురుచూశాడు. తను వాడికి పెట్టేది తగ్గించి, అక్క వాటా కూడా తగ్గించింది.

మిషను మీద గుడ్డ కప్పేసి ఆమె తిన్నగా ఆఫీసుకు నడిచింది.

"అక్క ఉందని ఎందుకు చెప్పలేదు?"

ఆఫీసు అమ్మాయి తల వంచుకుంది. "పన్నెండేళ్ళ పిల్లమ్మా. హాస్టల్లో ఉంది. ఇద్దరినీ కలిపి చూసుకునేవాళ్ళ కోసం తిరగని గుమ్మం లేదు. అందరూ చిన్నవాణ్ణే అడిగారు. పెద్దపిల్లయితే మాలిమి కాదట, ఎదురు మాట్లాడుతుందట. ఇద్దరంటే మీరూ వెనక్కి తగ్గుతారేమోనని భయపడ్డాను. కనీసం వాడికైనా ఇల్లు దొరుకుతుందనుకున్నాను."

"గుడ్డ చాలదని చొక్కాకు ఒక చెయ్యే కుడతానా? అడగాల్సింది కదా."

ఆ సాయంత్రం మేస్త్రితో చెప్పింది. అతను చాలాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఒంటి గుంజ మీద ఏదీ నిలబడదు. తీసుకురండి" అన్నాడు. మర్నాడు పని నుంచి వస్తూ పాత సెంట్రింగ్ పలకలు మోసుకొచ్చాడు. అంటుకున్న కాంక్రీటు గోకి, నున్నగా చిత్రిక పట్టి మంచం చేశాడు. మూలలు చేత్తో తడిమి తడిమి చూసి, పిల్ల గౌను తగులుకుంటుందేమోనని మళ్ళీ రుద్దాడు.

ఆఫీసులో ఒక షరతు పెట్టారు. వానలు పడే లోపు పిల్లల సంక్షేమ కమిటీ ఇంటికి వస్తుంది. అమ్మాయి కుదురుకుంటే ఇద్దరూ ఇక్కడే ఉంటారు. కుదురుకోకపోతే, ఉండనంటే, ఆమె తిరిగి హాస్టల్‌కి. బలవంతంగా ఎవరినీ ఉంచరు.

అక్క వచ్చింది. సన్నగా, పొడుగ్గా, సంచీ ఛాతీకి హత్తుకుని గుమ్మంలో నిలబడింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి నడుం పట్టుకుంటే వాడి తల నిమిరింది, చెవుల వెనక చూసింది, గోళ్ళు చూసింది. అప్పుడు కత్తెరమ్మ వైపు తిరిగింది.

"వీడికి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

"నేనే తల్లీ."

"చెవుల వెనక రుద్దడం లేదు."

కత్తెరమ్మకు వీధిలో ఎవరూ అలా ఎదురు చెప్పలేదు. మేస్త్రి ముఖం పక్కకు తిప్పుకుని మీసం కింద నవ్వుకున్నాడు.

ఆ రోజు నుంచి వాడి పనంతా అక్కదే. గుడ్డు ఒలవడం, అన్నం మెదిపి ముద్దలు పెట్టడం, బొత్తాలు పెట్టడం, నిద్రపుచ్చడం. వాడు తృప్తిగా తిన్నాక, చల్లారిపోయిన తన కంచం దగ్గరికి వచ్చేది. ఒక్కోసారి అదీ మర్చిపోయేది. వీధిలో పిల్లలు బంతి ఆడుతుంటే కిటికీలోంచి చూసేది, వాడు పిలవగానే వెళ్ళిపోయేది.

చూసి చూసి కత్తెరమ్మకు మనసు కరిగింది. పన్నెండేళ్ళ పిల్లకు తల్లి మోసే బరువా? ఒక పొద్దున పిల్ల చేతిలోంచి దువ్వెన తీసుకుంది.

"ఇక నీకేం పని లేదు తల్లీ. వాణ్ణి నేను చూసుకుంటా. స్నానం, తిండి, పడుకోబెట్టడం అంతా నాది. నువ్వు హాయిగా ఆడుకో, చదువుకో."

ఎంత మంచి మాట. ఇది చదువుతున్న మీరూ, రాస్తున్న నేనూ అదే అని ఉండేవాళ్ళం. పిల్ల మాత్రం ఆ మాటతో రాయిలా అయిపోయింది. ఆడుకోలేదు, చదువుకోలేదు. మంచం అంచున కూర్చుని ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకునేది. తినమంటే ఆకలి లేదనేది. కత్తెరమ్మ ముద్ద పెడితే తమ్ముడు నోరు బిగించేవాడు. మళ్ళీ కంచంలో సగం మిగలడం మొదలైంది.

వదిన వచ్చి మూలలన్నీ పరికించింది. "చెప్పానా? ఏకు మేకైంది. నీ ఇంట్లో నీ అన్నం తింటూ నీ మీదే అలక."

"అది తింటే కదా వదినా మీకా బాధ?" అంది కత్తెరమ్మ. ఈసారి గొంతులో పదును లేదు.

ఆ వారం ఆఫీసు అమ్మాయి చూడటానికి వచ్చింది. పిల్ల అప్పటికే సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నన్ను తీసుకెళ్ళిపోండి."

"ఏమైందమ్మా? కొట్టారా? తిట్టారా?"

"లేదు. మంచివాళ్ళే. తమ్ముణ్ణి బాగా చూసుకుంటారు." సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇక్కడ నాకేం పని లేదు. పని లేనివాళ్ళను ఎవరుంచుకుంటారు?"

కత్తెరమ్మ గోడకు ఆనుకుంది. ఆఫీసు అమ్మాయి పిల్లను పక్కకు తీసుకెళ్ళి, కమిటీ వచ్చేదాకా ఆగమని బతిమాలింది. ఆగుతానంది కానీ సంచీ మాత్రం విప్పలేదు.

మర్నాడు మేస్త్రి, "ఒకసారి నా పని దగ్గరికి రా" అన్నాడు భార్యతో. కట్టుబడిలో ఉన్న ఇంటి కింద ఇద్దరూ నిలబడ్డారు. తల మీద కొత్త స్లాబు. దాని కింద అడవిలా గుంజలు. కూలీలు పక్క పలకలు విప్పుతున్నారు. ఇనప మేకులు తీసి డబ్బాలో వేస్తున్నారు. తడి సిమెంటు వాసన, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు.

"ఇది పోసిన మర్నాడే వచ్చి ఈ గుంజలన్నీ పీకేస్తే ఏమవుతుంది?"

"కూలిపోతుంది. అదీ అడగాలా?"

"నువ్వు చేసింది అదే."

ఆ తర్వాత అతను చెప్పినన్ని మాటలు ఒక్కసారిగా ఆమె అరుదుగా విన్నది.

"ఆ పిల్లకు తమ్ముడి పని బరువనుకున్నావు. బరువే. కానీ ఇన్నాళ్ళూ దాన్ని నిలబెట్టిందీ అదే. అమ్మ పక్కన లేదు. సొంత ఇల్లు లేదు. వాడి చెవులు రుద్దడం ఒక్కటే దానికి మిగిలింది. నువ్వు ముద్దుగానే చేశావు, కానీ ఒక్క పూటలో అన్నీ పీకేశావు. చూడు మావాళ్ళు ఎలా తీస్తున్నారో. ముందు పక్క పలకలు. ఇంకొన్నాళ్ళకు నడుమ నుంచి ఒక్కో గుంజ. తీసిన చోట మళ్ళీ ఒకటి రెండు ఆసరాగా పెడతాం. స్లాబు తన కాళ్ళ మీద తను నిలబడ్డదని నమ్మకం కుదిరాకే చివరిది. తొందరపడితే ఇన్నాళ్ళ పనీ పోతుంది."

మర్నాడు పొద్దున కత్తెరమ్మ దువ్వెన పట్టుకుని పిల్ల పక్కన కూర్చుంది.

"నాకు వాడి తల దువ్వడం రావడం లేదు. ఏడుస్తున్నాడు. ఎలా దువ్వుతావో నేర్పవా?"

పిల్ల అనుమానంగా చూసింది. దువ్వెన కోసం చెయ్యి చాపింది.

"అలా గట్టిగా పట్టుకుంటే ఎవరైనా ఏడుస్తారు. ముందు చివర్లు విప్పాలి. తర్వాత పైనుంచి."

"ఓహో. బట్ట చిక్కు పడితే నేనూ అంతే చేస్తా."

"మరి తల దగ్గర ఎందుకు చెయ్యలేదు?"

"బుద్ధి లేక."

పిల్ల పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు అనలేం కానీ, దానికి దారి కనిపించింది.

ఆ రోజు నుంచి కత్తెరమ్మ శిష్యురాలైంది. గుడ్డు ఎంతసేపు ఉడికితే వాడికి నచ్చుతుంది, ఏ పాటకు నిద్రపోతాడు, పీడకల వస్తే ఏం చెప్పాలి, అన్నీ అడిగింది. తప్పు చేసినప్పుడు చీవాట్లు తింది. వీధిలో నోరున్న మనిషి ఇంట్లో కుక్కిన పేనులా కూర్చోవడం చూసి మేస్త్రి రోజూ తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. సెలవు రోజుల్లో నలుగురూ పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు. పక్క మీద కూర్చున్న తల్లికి పిల్లలు కబుర్లు చెబుతుంటే కత్తెరమ్మ తలుపు దగ్గరే నిలబడేది. ఒకసారి ఆ తల్లే పిలిచింది. "చెల్లీ, వీడు లావయ్యాడు" అంది. ఆ ఒక్క మాటకు కత్తెరమ్మ ఇల్లు చేరేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

పలకలు ఒకటొకటిగా ఊడాయి, వాటంతట అవే. మొదట, "బొత్తాలు నువ్వు పెట్టు పిన్నీ" అంది పిల్ల. ఇంకొన్నాళ్ళకు ముద్దలు. ఒక సాయంత్రం వీధిలోంచే కేక వేసింది. "పిన్నీ, ఇవాళ వాడికి స్నానం నువ్వు చేయించు, నాకు ఆటుంది." కత్తెరమ్మ మిషను మీద చెయ్యి ఆపి, కాసేపు ఆ కేకనే వింటూ కూర్చుంది. తర్వాత లేచి, వాడి చెవుల వెనక బాగా రుద్దింది.

కమిటీ వచ్చిన రోజు మబ్బులు బాగా దిగాయి. కమిటీ పెద్దావిడ ఒకప్పుడు బడిపంతులమ్మ. కళ్ళజోడు మీదుగా చూస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. ఆఫీసు అమ్మాయి వెనక నిలబడింది. వదిన ముందే వచ్చి కూర్చుంది, ఎటు మొగ్గుతుందో ఎవరికీ తెలియదు.

"అమ్మాయి ఏది?" అంది పెద్దావిడ.

కత్తెరమ్మ గది తలుపు తోసి చూసింది. పిల్ల ఇంట్లో లేదు. ఇవాళ్టి కోసం ఉతికి మడిచి పెట్టిన గౌను మంచం మీదే ఉంది. అంతలో వీధి తలుపు దబ్బున తెరుచుకుంది. జుట్టు రేగిపోయి, మోకాలు గీసుకుపోయి, చంకలో బంతితో, రొప్పుతూ వచ్చింది పిల్ల. గౌను కుట్టు పిగిలి వేలాడుతోంది. అంతా అయిపోయిందనుకుంది కత్తెరమ్మ. బట్టలు కుట్టే దాని ఇంట్లో పిల్లకు చినిగిన గౌను.

పెద్దావిడ పిల్లను పైనుంచి కింద దాకా చూసింది. "నువ్విలా ఆడుతుంటే తమ్ముణ్ణి ఎవరు చూస్తున్నారమ్మా?"

పిల్ల ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది. "పిన్ని చూస్తుందిగా" అంది.

"హాస్టల్‌కి వెళ్తానన్నావట?"

"అది అప్పుడు. ఇప్పుడు ఖాళీ లేదు. రేపు మా జట్టుకీ పక్క వీధి జట్టుకీ ఆట."

ముందుగా నవ్వింది వదిన. "నిన్న ఆ వీధివాళ్ళను ఏడిపించిందండీ మా పిల్ల. నేను చూశాను. బంతిని ఏం కొట్టిందనుకున్నారు." మా పిల్ల అన్నానని ఆవిడకు తర్వాత తట్టి, కొంగు సర్దుకుంది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ పిల్ల హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజు ఆడలేదని అక్కడివాళ్ళు చెప్పారు" అంది నెమ్మదిగా. "చాలు. తల్లి కోలుకుని వచ్చేదాకా ఇద్దరూ ఇక్కడే ఉంటారు. వచ్చాక కూడా ఈ గుమ్మం వాళ్ళకు మూసుకోదని నాకు అర్థమైంది."

ఆఫీసు అమ్మాయి గోడ వైపు తిరిగి ముక్కు చీదింది. పెద్దావిడ లేచి నిలబడి, గదిలో ఉన్న అందరినీ ఉద్దేశించి అంది.

"మనం పసివాళ్ళను అడుగుతాం, మాలిమి అవుతారని. పెద్దపిల్లలను వదిలేస్తాం, మొండివాళ్ళని. ఒక తల్లి పిల్లలను సంతలో పళ్ళలా ఏరుకుంటాం. బిడ్డను చేరదీయడమంటే వాళ్ళు మోస్తున్నది లాక్కోవడం కాదు. తమంతట తాము దించుకునేదాకా పక్కన నిలబడటం. అది ఎంత పెద్ద చదువుతోనూ రాదు, ఓపికతో వస్తుంది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. తోడబుట్టినవాళ్ళను విడదీసి పెట్టే అన్నం ఎప్పటికీ సగం అన్నమే."

మేస్త్రి తల పంకించాడు. అతని వరకూ అది పెద్ద ప్రసంగమే.

వాళ్ళు వెళ్ళేసరికి చినుకులు పడుతున్నాయి. ఆకాశం మొత్తానికి తేల్చుకుంది. వదిన ఇంటికి వెళ్ళి కొంగు కప్పుకుని మళ్ళీ వచ్చింది. చేతిలో గుడ్ల బుట్ట. పొయ్యి పక్కన పెట్టి, తనే నీళ్ళు మరిగించింది. పిల్ల తన సంచీ విప్పి, బట్టలు తీసి గూట్లో సర్దుకుంది. ఖాళీ సంచీని ఏం చెయ్యాలో తెలియక కత్తెరమ్మకు ఇచ్చింది. కత్తెరమ్మ దాన్ని గుడ్డపేలికల మూటలో పడేసింది.

అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వసారా రేకు మీద వాన, కంచాల చప్పుడు, అంతే. అందరి కంచాల్లోనూ ఒక్కో గుడ్డు. తమ్ముడు తన గుడ్డు తనే ఒలిచాడు. అలవాటు కొద్దీ రెండు చేశాడు. తల ఎత్తి అక్క కంచంలోకి చూశాడు. అక్క తన గుడ్డు కొరుక్కుంటూ, వేళ్ళు నాక్కుంటూ, ఎవరినీ పట్టించుకోకుండా తింటోంది.

వాడు మొదటి సగం తిన్నాడు. రెండో సగమూ నోట్లో పెట్టుకున్నాడు. తలుపు వైపు చూడలేదు.